మాసికలు లేని కారు

మా డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ వెలుతురుకి పట్టి చూసి, "రాఘవులు గారూ, ఉద్యోగమన్నా మానండి, బస్సన్నా మానండి. రెంటికీ సరిపోయే నడుం కాదు మీది" అన్నారు. నాకు రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుంది. కాబట్టి బస్సు మానేద్దామని నిర్ణయించుకున్నాను. ఆ తరువాత జరిగిందంతా ఈ చిన్న నిర్ణయం వల్లనే జరిగింది.

నేను వాడిన గోనెసంచుల పరిరక్షణ మండలిలో సీనియర్ అసిస్టెంటుని. ఒకసారి వాడిన సంచి రెండోసారి పనికొస్తుందో రాదో తేల్చి ధ్రువపత్రం ఇవ్వడం మా మండలి పని. నలభై ఏళ్లుగా ఇదే పని. సంచిని వెలుతురుకి పట్టి చూస్తాం, చిల్లులు లెక్కపెడతాం, మాసికలు లెక్కపెడతాం, వాసన చూస్తాం, వడ్లు నింపి మూడుసార్లు కింద పడేస్తాం. మాసికలు మూడు దాటితే సంచి తిరస్కృతం. ఇదంతా ఫారం ఏడులో రాస్తాం. మా మండలిలో పనిచేసినవాడు పెళ్లిరోజు మర్చిపోతాడేమో గానీ ఫారం ఏడు మర్చిపోడు.

మొదట్లో మా ఆఫీసు గుంటూరులో, మిర్చి యార్డు దగ్గర, సంచుల మధ్యనే ఉండేది. మూడేళ్ల కిందట పైవాళ్లకి 'రైతు చెంతకు' అనే ఉత్సాహం పుట్టి ఆఫీసుని మాచర్లకి మార్చారు. సంచులు మాత్రం గుంటూరులోనే ఉండిపోయాయి. అందుకని రోజూ పొద్దున్నే ఒక లారీ సంచుల్ని మాచర్లకి తీసుకొస్తుంది, మేం చూసి ముద్ర వేస్తాం, సాయంత్రం అదే లారీ వాటిని మళ్లీ గుంటూరు చేరుస్తుంది. లారీలో సంచులకి చోటుంది, ఉద్యోగులకి అనుమతి లేదు.

నాది గుంటూరులో ఇల్లు. నూటపదిహేను కిలోమీటర్లు పోవడం, నూటపదిహేను కిలోమీటర్లు రావడం. పనిరోజుల్లో మా ఇంటిని వెలుతురులో చూసి మూడేళ్లయింది. పక్కవాటాలో కొత్తగా దిగినావిడ మా ఆవిడ భ్రమరాంబని, "మీ వారు ఏ ఊళ్లో పనిచేస్తారండీ, సెలవలకి వస్తుంటారా?" అని అడిగిందట. మా ఆవిడ అది నవ్వుతూనే చెప్పింది గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు.

కొత్త కారు కొనే తాహతు లేదు, పాత కారు ఎంచుకునే తెలివి లేదు. తెలివికి మస్తాన్‌వలి ఉన్నాడు. మా వీధి చివర అతని మెకానిక్ షెడ్డు. నా మొదటి స్కూటరు నాటినుంచి మా ఇంటి బళ్లకి అతనే వైద్యుడు.

"అన్నా, నిగనిగలాడే బండిని చూసి మోసపోమాక," అన్నాడు మస్తాన్‌వలి. "నీకు కావాల్సింది పెళ్లికూతురు గాదు, పొద్దున్నే లేచి పనికిబోయే మనిషి. సీటు తొడల కిందదాకా ఆనాల. నడుం కాడ ఖాళీ ఉండకూడదు. తొంభైలో పోతన్నా స్టీరింగు వణక్కూడదు. పిడుగురాళ్ల కాడ ఆగిపోయిందనుకో, ఆడి మెకానిక్కుకి గూడా దాని సామాను దొరకాల. ఈ నాలుగూ ఉంటే రంగు ఏదైనా ఒకటే."

ఐదు ఆదివారాలు, పదకొండు కార్లు చూశాం. ఒక కారులో సీటు బెల్టు మొత్తం బయటికి లాగి, చివర ఎండిన బురద చూపించి, "ఇది వరదలో ఈదొచ్చింది, పద" అన్నాడు. ఇంకో కారు యజమాని బండి గుడికి తప్ప ఎక్కడికీ పోలేదని ఒట్టేశాడు. మస్తాన్‌వలి వంగి బ్రేకు పెడల్ తడిమి చూశాడు. రబ్బరు అరిగి నున్నగా ఉంది. "మీటరేమో నలభై వేలంటంది, పెడలేమో రెండు లక్షలంటంది. ఆ గుడి కాశీలో ఉండిద్దేమో" అన్నాడు.

పన్నెండో కారు ఇమ్మానియేలు మాస్టారిది. ఆయన డ్రాయింగు టీచరుగా రిటైరయ్యారు. కళ్లు మసకబారి కారు అమ్ముతున్నారు. పదకొండేళ్ల బండి. దానికి చేయించిన ప్రతి సర్వీసు బిల్లునీ ఒక డ్రాయింగు పుస్తకంలో అంటించి, పక్కనే మార్చిన సామాను బొమ్మ పెన్సిలుతో వేసి, కింద తేదీ ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసుకున్నారు. మొత్తం నలభై ఒక్క బిల్లు. మస్తాన్‌వలి ఆ పుస్తకాన్ని చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు నన్ను పట్టుకుంది. మూడేళ్లలో మొదటిసారి నాకొక నడుం ఉందన్న సంగతి మర్చిపోయాను. అమరావతి రోడ్డులో పది కిలోమీటర్లు పోయి వచ్చేసరికి నా కళ్లు చెమ్మగిల్లాయి. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

"నరసరావుపేట పశువుల డాక్టరు గారు గూడా అడిగారు బాబూ," అన్నారు మాస్టారు. "నీ మొహం చూస్తే నీకే ఇవ్వాలని ఉంది. పదిహేను రోజులు ఆగుతా."

పదిహేను రోజులు నాకు అక్కర్లేదు, రేపే తీసుకుంటానన్నాను. కానీ మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి బల్లమీద సర్క్యులరు ఉంది.

దాని పుట్టుక చెప్పాలి. అంతకుముందు నెల మండలి వార్షికోత్సవంలో అధ్యక్షుల వారికి వేయాల్సిన దండ, శాలువా ఒక ఉద్యోగి పాత కారులో వస్తూ దారిలో ఆగిపోయాయి. అధ్యక్షుల వారు నలభై నిమిషాలు మెడ ముందుకి వంచి వేదిక మీద వేచి ఉన్నారు. దాంతో 'దూరప్రయాణ వాహన సౌఖ్య విశ్వసనీయతా నిర్ధారణ సంఘం' ఏర్పడింది. ఇకమీదట ఏ ఉద్యోగి అయినా రాకపోకలకి వాడిన కారు కొనాలంటే సంఘం ఆమోదించాలి. సంఘం ఆ కారుని తిరస్కరిస్తే ఉద్యోగి ఇబ్బంది పడకుండా వారంలోగా తగిన కారుని సంఘమే చూపించాలి. తొమ్మిదో నిబంధన ఇలా ఉంది: 'ఆమోదిత వాహనము ఎన్నడును ఆలస్యము కానేరదు గనుక, ఉదయము ఎనిమిది గంటలకు సదరు వాహనమునందు ఆసీనుడైన ఉద్యోగి పది గంటలకు కార్యాలయమునకు చేరినట్లే భావించబడును.' ఆ నిబంధన మీద అప్పుడు నేను పెద్దగా దృష్టి పెట్టలేదు.

సంఘానికి అధ్యక్షుడు మా డిప్యూటీ డైరెక్టరు గరుడాచలం గారు. సభ్యుడు సంచుల తనిఖీ అధికారి పున్నయ్య గారు. ఇద్దరికీ కార్ల గురించి ఏమీ తెలియదని ఎవరైనా అంటే అది అన్యాయం. వాడిన సరుకు గురించి వాళ్లకి తెలిసినంత జిల్లాలో ఎవరికీ తెలియదు.

"వాడిన వస్తువు ఏదైనను వాడిన వస్తువే కదా రాఘవులూ," అన్నారు గరుడాచలం గారు. "గోనె అయిననేమి, ఇనుము అయిననేమి. మన వద్ద నలుబది సంవత్సరముల అనుభవముతో పరిపక్వమైన ఫారం ఏడు ఉన్నది. వాహనమును హాజరుపరచుము."

గురువారం నాడు మస్తాన్‌వలి కారుని మాచర్ల తోలుకొచ్చాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్రాయింగు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూతురి పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చారు.

పున్నయ్య గారు ఫారం తీశారు. "సంచి రకం?"

"కారండీ," అన్నాను.

"ఫారంలో కారనే రకం లేదయ్యా. ఎంతమంది పడతారు?"

"ఐదుగురు."

"మనిషికి యాభై కిలోలు వేసుకుందాం," అని 'యాభై కిలోల సంచి, ఐదు అరలు' అని రాసుకున్నారు. తరువాత చిల్లుల కోసం కారు చుట్టూ తిరిగారు. నాలుగు తలుపులకి నాలుగు, ముందొకటి, వెనకొకటి. 'పెద్ద చిల్లులు ఆరు, అన్నింటికిని గాజు మూతలు కలవు' అని రాశారు. తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చి 'పాత సరుకు వాసన: సాంబ్రాణి' అని రాశారు. ఇక మిగిలింది మూడుసార్లు కింద పడేసే పరీక్ష. అది చదవగానే మస్తాన్‌వలి వెళ్లి బానెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. గరుడాచలం గారు కొంచెంసేపు ఆలోచించి, ఎత్తడానికి హమాలీలు చాలరు కాబట్టి ఆ పరీక్షని సడలించారు. ఆయన మనసు మంచిది.

సౌఖ్య పరీక్ష గరుడాచలం గారే స్వయంగా నిర్వహించారు. వెనకసీట్లో కూర్చుని కారంపూడి దాకా వెళ్లి వచ్చారు. ఊరు దాటకముందే ఆయనకి నిద్ర పట్టింది. ఆఫీసు ముందు కారు ఆగాక తలుపు తీసి లేపితే, "ఏమి, ఇంకను బయలుదేరలేదా?" అని అడిగారు. నా గుండె సంతోషంతో పొంగింది. ఇంతకన్నా గొప్ప యోగ్యతాపత్రం ఏ కారుకి దొరుకుతుంది? అయితే పున్నయ్య గారు 'సంఘాధ్యక్షుల వారికి ప్రయాణానుభూతి కలుగలేదు' అని లోపాల గడిలో రాశారు.

అదీ సర్దుకునేదేమో గానీ, మాస్టారు గర్వంగా డ్రాయింగు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టారు. పున్నయ్య గారు వేలితో లెక్కపెట్టుకుంటూ పోయారు. వేలు నలభై ఒకటి దగ్గర ఆగింది.

"అయ్యగారూ, నలభై ఒక్క మాసిక," అన్నారు మెల్లగా.

"నలుబది ఒకటా? గరిష్ఠ పరిమితి మూడు కదా," అన్నారు గరుడాచలం గారు.

"అయ్యా, అయ్యి జబ్బులు గాదు, జాగర్తలు," అన్నారు మాస్టారు. "ఆయిలు మార్పిచ్చిందీ, బెల్టు అరక్కముందే ఏపిచ్చిందీ. ఒక్కనాడు గూడా దార్లో ఆగింది లేదు."

"జాగ్రత్త అవసరమైనదనినచో ప్రమాదము పొంచియున్నదని అర్థము మాస్టారూ. ఏమాత్రము జాగ్రత్త అవసరము లేని వాహనమే విశ్వసనీయము."

తిరస్కృతం అనే ముద్ర ఒకటి మా దగ్గర ఉంది, సంచుల మీద వేసేది. పున్నయ్య గారు అలవాటుగా దాన్ని బానెట్టు మీద వేయబోయారు. మాస్టారు అరచెయ్యి అడ్డం పెట్టారు. ముద్ర ఆయన చేతిమీద పడింది. ఆయన పుస్తకం మూసుకుని వెళ్లి ముందుసీట్లో కూర్చున్నారు. ఆ వారమే కారు నరసరావుపేట వెళ్లిపోయింది. పశువుల డాక్టరు గారు ఇప్పుడు దాన్ని రోజూ పల్నాడంతా తిప్పుతున్నారు. నిక్షేపంలా తిరుగుతోందని విన్నాను. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

నిబంధన ప్రకారం వారంలోగా సంఘం నాకు కారు చూపించాలి. వాళ్లు నిజాయితీగానే వెతికారు. నడిచిన ప్రతి కారుకీ మాసికలు ఉన్నాయి. ఆరో రోజున పున్నయ్య గారు పాత రికార్డుల కోసం మా ఆఫీసు వెనక షెడ్డు తెరిపించారు. అక్కడ ఇటుకల మీద ఒక కారుంది. ఒకప్పటి డైరెక్టరు గారిది. తొమ్మిదేళ్ల కిందట డ్రైవరు రిటైరయ్యాడు, ఆ పోస్టు రద్దయింది, కారు ఆగిపోయింది. ఆఫీసు మారినప్పుడు బీరువాలతో పాటు దాన్నీ లారీ ఎక్కించి తెచ్చారు. దాని లాగ్‌బుక్కు మాత్రం నెలనెలా మానకుండా రాశారు. మరమ్మతులు లేవు. ప్రమాదాలు లేవు. ఫిర్యాదులు లేవు. ఇంధన వినియోగం సున్నా. తొమ్మిదేళ్లు, నూట ఎనిమిది నెలలు, ఒక్క మాసిక లేదు.

పున్నయ్య గారు ఆ పుస్తకం పట్టుకుని వరండాలో పరుగెత్తడం నేను కళ్లారా చూశాను.

గుంటూరు నుంచి ఆఫీసుతో పాటే వచ్చిన వాచ్‌మన్ అంకారావుని షెడ్డు దగ్గరికి పిలిచి అడిగారు. "ఎలుకలు కొట్టిన చిల్లులున్నాయా?"

"ఎలకలైతే ఉన్నయ్యండీ లోపల," అన్నాడు అంకారావు.

"బయటికి వస్తాయా?"

"రావండీ. ఆడనే కాపరం."

"బయటికి రాలేవంటే చిల్లు లేనట్టే," అని పున్నయ్య గారు రాసుకున్నారు.

"ఇక సౌఖ్యము," అన్నారు గరుడాచలం గారు. "ఈ వాహనమునందు ఎవరైనను దీర్ఘకాలము ఆసీనులైన దాఖలా కలదా?"

అంకారావు బిక్కమొహం వేశాడు. తొమ్మిదేళ్లుగా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అతను ఆ కారు వెనకసీట్లోనే నిద్రపోతాడని అందరికీ తెలుసు. ఒప్పుకుంటే డ్యూటీలో నిద్రపోయినట్టు అవుతుంది. గరుడాచలం గారికి ఇబ్బంది అర్థమై, వెనకటి తేదీతో అతన్ని 'గౌరవ సౌఖ్య పరిశీలకుడి'గా నియమించారు. అప్పుడు అంకారావు గొంతు సవరించుకుని, "పడుకుంటే తల్లి ఒళ్లో పడుకున్నట్టు ఉండిద్దండీ. వానొచ్చినా తెలవదు, ఆఫీసరొచ్చినా తెలవదు," అని వాంగ్మూలం ఇచ్చాడు.

నేను ధైర్యం చేశాను. "సార్, అది కదలదండి."

"రాఘవులూ, ఈ వాహనము ఎన్నడైనను మార్గమధ్యమున ఆగిపోయినదా?"

"లేదండి."

"టైరు పగిలినదా? ఎవరినైనను గుద్దినదా? ఆలస్యముగా వచ్చినదా?"

"ఎప్పుడూ లేదండి."

"మరి నీ అభ్యంతరమేమి?"

నేను ఫారం ఏడు తిరగేసి చూశాను, అందులో 'కదలిక' అనే గడి లేదు.

శనివారం ఆ కారుని నాకు కేటాయించారు. ఇంటికి చేర్చడం ఎలాగన్నది సమస్య అయింది. తాడు కట్టి లాగితే కిలోమీటర్లు పడతాయి, వాహనం నడిచినట్టవుతుంది, నడిస్తే చెడిపోవచ్చు. అందుకని సంచుల లారీ మీదికి ఎక్కించారు. గోనెసంచుల గుట్ట మీద మహారాజులాగా కూర్చుని అది గుంటూరు చేరింది. మా ఇంటి ముందు మళ్లీ ఇటుకల మీద దించితే వీధివీధంతా చూడటానికి వచ్చింది.

భ్రమరాంబ గుమ్మంలో నిలబడి చూసి, "కారు తెస్తానని పోయి కారు శవాన్ని తెచ్చారేందండీ," అంది.

మస్తాన్‌వలి చుట్టూ తిరిగి చూసి, ఒక టైరుని కాలితో తన్ని, తన షెడ్డుకి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున్నే నేను మళ్లీ బస్సెక్కి నడుం పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. మధ్యాహ్నానికల్లా నాకు మెమో వచ్చింది. 'ఆమోదిత వాహనము కలిగియుండియు, మరమ్మతు బిల్లులు వందలకొలది గల బస్సు అను అనామోదిత వాహనమున ప్రయాణించుట సంఘ నిర్ణయమును కించపరచుటగా ఎందుకు భావించరాదో తెలుపవలెను. ఇకమీదట తొమ్మిదవ నిబంధనను తు.చ. తప్పక పాటించవలెను.' కింద గరుడాచలం గారి సంతకం ఉంది. ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి తొమ్మిదో నిబంధన నాకు బోధపడింది.

మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకి స్నానం చేసి, టిఫిన్ తిని, ఇస్త్రీ బట్టలు వేసుకుని మా ఇంటిముందు ఆ కారులో కూర్చుని, రుజువుగా ఫోటో తీసి ఆఫీసుకి పంపాను. పది గంటలకి హాజరు పడింది. పదీ ఐదుకి భ్రమరాంబ కిటికీలోంచి కాఫీ గ్లాసు అందించింది.

నేను దొంగ ఉద్యోగం చేస్తున్నానని ఎవరూ అనుకోకూడదు. ఫైళ్లన్నీ కంప్యూటరులోనే ఉంటాయి. సంచులు గుంటూరులోనే ఉంటాయి. నేను ఇక్కడే ఉన్నానని తెలిసి లారీవాడు మాచర్ల వెళ్లడం మానేసి సంచుల్ని మా వీధిలోకే తెచ్చాడు. కారు తలుపు మీద పరిచి చూసి ముద్ర వేసేవాణ్ణి. మూడేళ్లుగా రోజుకి ఆరు గంటలు బస్సులో కుదేలై వెళ్లి చేసిన పనికి రెట్టింపు పని చేశాను. సాయంత్రం ఐదుకి తలుపు తీసుకుని దిగితే ఇంట్లో ఉండేవాణ్ణి. ప్రహరీ పక్కన నందివర్ధనం చెట్టు నా ఎత్తు పెరిగిందని అప్పుడే చూశాను. భ్రమరాంబతో కూర్చుని పగటి వెలుతురులో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

మూడు నెలల నివేదిక పైకి వెళ్లింది. శూన్య ఇంధనం, శూన్య ప్రమాదం, శూన్య ఆలస్యం. మండలి అధ్యక్షుల వారు ప్రశంసాపత్రం పంపి, ఈ పద్ధతిని అన్ని ప్రాంతీయ కార్యాలయాల్లో ప్రవేశపెట్టమన్నారు. ఉద్యోగులు ఊళ్లమీద పడి కదలని కార్ల కోసం వెతికారు. కోళ్లు గుడ్లు పెట్టుకునే కార్లు, పొట్లపాదు అల్లుకున్న కార్లు పోటీల మీద అమ్ముడుపోయాయి. పాత ఇనుము కొట్లవాళ్లు నడిచే కారు కన్నా నడవని కారుకి ఎక్కువ అడగడం మొదలుపెట్టారు.

మస్తాన్‌వలి ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "అన్నా, నిన్న ఒకాయన వచ్చి, బాగా నడిచే బండిని చెడగొట్టి పెట్టమన్నాడు. ముప్పై ఏళ్ల నుంచి ఈ పని చేస్తన్నా. నా చేతుల మీద ఉమ్మేసినట్టుంది," అన్నాడు. నేను తల వంచుకున్నాను.

తరువాత వారం మేము తెనాలిలో బంధువుల పెళ్లికి వెళ్లి రెండు రోజులుండి తిరిగొచ్చాం. వచ్చేసరికి కారు కడిగి ఉంది. ఇటుకలు లేవు. నాలుగు టైర్లూ నేలమీద నిలబడి ఉన్నాయి. మస్తాన్‌వలి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎక్కి తాళం తిప్పన్నా," అన్నాడు.

తిప్పాను. తొమ్మిదేళ్లుగా కదలని కారు ఒక్క తిప్పుకే అందుకుంది. చిన్నగా, సమంగా, పిల్లి గురక పెట్టినట్టు మోగింది. ముందు సీటు కూడా మార్చాడు. అది నా నడుముని మాస్టారి సీటు పట్టుకున్నట్టే పట్టుకుంది. గబుక్కున ఇంజను ఆపి దిగిపోయాను. మరమ్మతు జరిగిందంటే మాసిక పడ్డట్టే. ఆమోదం రద్దవుతుంది. మళ్లీ బస్సు, మళ్లీ నడుం, మళ్లీ ఇల్లు కనపడని రోజులు.

"మస్తానూ, నీకు దణ్ణం పెడతాను, ఎక్కడివి అక్కడ తీసెయ్," అన్నాను.

"నా చేత్తో బతికించిన బండిని నా చేత్తోనే చంపమంటావా? నా వల్లగాదు."

"ఎన్ని సామాన్లు మార్చావు?"

"ఇరవై దాకా మార్చా. ఎలకల్ని వేరే ఎల్లగొట్టా."

నేను లెక్కపెడుతూ ఉండగానే వీధి మొదట్లో ఆటో ఆగింది. అందులోంచి గరుడాచలం గారు ముందు ఒక కాలు, కొంచెంసేపటికి ఇంకో కాలు దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని దిగారు. వెనక పున్నయ్య గారు ఫారం ఏడుతో దిగారు. ఆరునెలల తనిఖీ అట. వాళ్లకి ఆమోదిత వాహనం ఇంకా దొరకలేదు కాబట్టి మాచర్ల నుంచి బస్సులో నిలబడి వచ్చారు.

పున్నయ్య గారు కారు చుట్టూ తిరిగి చూశారు. "మెరుస్తోందే. మరమ్మతులేమన్నా చేయించావా రాఘవులూ? బిల్లులేవీ?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, నిజం చెప్పే నడుం నాకు లేదు. మస్తాన్‌వలి టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"నేను బిల్లు రాయనండీ. ముప్పై ఏళ్ల నుంచి ఎవరికీ రాసింది లేదు," అన్నాడు.

పున్నయ్య గారు ఆలోచించారు. "బిల్లు లేకపోతే మాసిక లేనట్టే," అని సున్నా చుట్టారు.

గరుడాచలం గారు అప్పటికే వెనకసీట్లో చేరగిలబడి కళ్లు మూసుకున్నారు. పున్నయ్య గారు ముందు ఎక్కి, తాళం సంగతి ఫారంలో లేకపోయినా కుతూహలం కొద్దీ తిప్పారు. కారు మోగింది. పున్నయ్య గారు చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నారు.

గరుడాచలం గారు కళ్లు తెరవకుండానే అడిగారు. ఆ గొంతులో నియమావళి లేదు. మూడు గంటలు బస్సులో నిలబడిన మనిషి గొంతు అది.

"రాఘవులూ, ఇది మాచర్లదాకా పోయిద్దా?"

నేను మస్తాన్‌వలి వైపు చూశాను. "హైదరాబాదు దాకా గూడా పోయిద్దండీ," అన్నాడు అతను.

"అట్టయితే అన్నం తిన్నాక మమ్మల్ని దింపిరా. కాయితం సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం రేపు ఎనిమిదింటికి మీ ఇంటి ముందు ఫోటో తీసి పంపు."

భ్రమరాంబ గోంగూర పచ్చడితో భోజనం పెట్టింది. రెండింటికి బయలుదేరాం. మస్తాన్‌వలి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు. సత్తెనపల్లి వచ్చేసరికి గరుడాచలం గారు గురక పెడుతున్నారు. నా నడుం కిక్కురుమనలేదు. స్పీడు తొంభై. పక్కసీట్లో పున్నయ్య గారు ఫారం ఏడుని మోకాలి మీద పెట్టుకుని తనిఖీ నివేదిక రాయడం మొదలుపెట్టారు.

పిడుగురాళ్ల దాటుతుండగా ఓరకంట చూశాను. 'వాహనము గుంటూరునందు ఉద్యోగి ఇంటి ముందు యథాస్థానమున నిశ్చలముగా ఉన్నది. ఏ విధమైన కదలికయు గమనించలేదు' అని రాశారు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.